మీరు ఏ స్టేషనండీ?

ఏమ్మా, వంటలయ్యాయా? పిల్లలు కాలేజీకీ, ఆయన పనికీ వెళ్ళిపోయారా? అయితే ఓ పావుగంట నాకివ్వండి. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట ఒకటి మీతో చెప్పుకోవాలి. పోలీసు వేషంలో వస్తున్న దొంగల గురించి.

భీమవరం సంగతి మీరూ వినే ఉంటారు. 2025 చివర్లో గోదావరి డెల్టా అంతా అదే మాట. ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి, పోలీసులమనీ సీబీఐ అనీ బెదిరించి, రోజుల తరబడి ఫోన్ ముందు నుంచి కదలనివ్వకుండా సుమారు 78 లక్షలు లాగేశారు. పశ్చిమ గోదావరి ఎస్పీ అద్నాన్ నయీం అస్మి ఆధ్వర్యంలో జిల్లా పోలీసులు కేసు ఛేదించి 13 మందిని పట్టుకున్నారు. తీగ లాగితే డొంక కాంబోడియాలో కదిలింది.

ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచీ నేను ఎక్కడికెళ్ళినా, పేరంటంలోనైనా, షాపులోనైనా, ఒకటే మాట. "అంత చదువుకున్నాయన, ఎలా నమ్మేశాడండీ?" ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. చదువుకీ దీనికీ సంబంధం ఏముంది? పంజాబ్‌లో వర్ధమాన్ గ్రూపు ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ గారు, వేల కోట్ల వ్యాపారం నడిపే మనిషి, 2024లో ఇలాగే 7 కోట్లు పోగొట్టుకున్నారు. ఆయనకైతే ఏకంగా సుప్రీంకోర్టు విచారణే వీడియోలో ఆడించి చూపించారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి పేరు పెట్టుకుని ఒకడు జడ్జిగా కూర్చున్నాడు.

అసలు విషయం చదువు కాదమ్మా, భయం. మన వైపు ఆ భయం ఇంకా ఎక్కువ. "మా వంశంలో ఎవరూ పోలీస్ స్టేషన్ గడప తొక్కలేదండీ" అని గర్వంగా చెప్పుకునే ఊళ్ళు మనవి. ఇంటి ముందు పోలీసు జీపు ఆగిందంటే చాలు, ఎందుకొచ్చిందో తెలియక ముందే వీధి వీధంతా అరుగుల మీదకి వచ్చేస్తుంది. ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేస్తారు. పరువు అంటే ప్రాణం పెట్టే జనం మనం. ఆ దొంగలకి కావలసింది సరిగ్గా అదే. వాడికి మీ అకౌంట్ నంబరు తర్వాత సంగతి, ముందు మీ నోరు మూయించాలి. "ఇంట్లో ఎవరికీ చెప్పకండి, చెప్తే వాళ్ళని కూడా అరెస్ట్ చేయాల్సొస్తుంది" అనేస్తే, మనం భర్తకీ చెప్పం, పిల్లలకీ చెప్పం, పక్కింటి వదినకి అసలే చెప్పం. తలుపేసుకుని కూర్చుంటాం.

ఆ ఫోన్ ఎలా నడుస్తుందో చెప్తాను వినండి. మొదట కొరియర్ వాళ్ళమనో టెలిఫోన్ శాఖ అనో ఎవరో మాట్లాడతారు. మీ ఆధార్ మీద ఎవరో సిమ్ తీసుకున్నారు, లేదా మీ పేరుతో పంపిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి అంటారు. "నాకేం తెలీదండీ" అంటామా, "అయితే పోలీసులకి కలుపుతున్నాం, మీరే చెప్పుకోండి" అని ఫోన్ మారుస్తారు. అక్కణ్ణుంచి వీడియో కాల్. తెర మీద ఖాకీ చొక్కా, భుజం మీద నక్షత్రాలు, బల్ల మీద టోపీ, వెనకాల గోడకి మూడు సింహాల బొమ్మ, పక్కన జాతీయ జెండా. వైర్‌లెస్ సెట్ గరగరా కూడా వినిపిస్తుంది. మొదటివాడు కసురుతాడు. రెండోవాడు, పై ఆఫీసర్ అన్నమాట, మెత్తగా మాట్లాడతాడు. "అమ్మా, మిమ్మల్ని చూస్తే మా అమ్మలా ఉన్నారు, మీరు నిర్దోషి అని నాకు తెలుసు, మీ డబ్బు ఒకసారి ఆర్‌బీఐ ఖాతాలోకి పంపితే తనిఖీ చేసి తిరిగి ఇచ్చేస్తాం" అంటాడు. కసిరినవాడి కంటే ఈ మెత్తటివాడే ప్రమాదం. ఎందుకంటే అప్పటికి మనం ఎవరో ఒకరు ఆదుకుంటే బావుణ్ణు అనుకునే స్థితిలో ఉంటాం.

దీన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. మన దేశంలో ఏ చట్టంలోనూ అలాంటి అరెస్ట్ లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాటే చెప్పారు. అయినా ఆగిందా? కేంద్ర హోంశాఖ పార్లమెంటులో చెప్పిన లెక్క చూడండి. డిజిటల్ అరెస్ట్, దానికి సంబంధించిన మోసాలు 2022లో 39,925 నమోదైతే, 2024లో 1,23,672 అయ్యాయి. పోయిన సొమ్ము 91 కోట్ల నుంచి 1,935 కోట్లకి ఎక్కింది. ఇవి ఫిర్యాదు చేసినవాళ్ళ లెక్కలే. నోరు విప్పనివాళ్ళ మాటేమిటి?

హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులు ఇలాగే కోటి రూపాయల పైన పోగొట్టుకుని, 2025లో నేరుగా సుప్రీంకోర్టుకే ఉత్తరం రాశారు. వాళ్ళకి దొంగలు చూపించింది సుప్రీంకోర్టు పేరుతో తయారుచేసిన దొంగ ఉత్తర్వు. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. ఆ ఏడాది డిసెంబరు 1న దేశంలోని ఈ డిజిటల్ అరెస్ట్ మోసాల దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. ఆ పెద్దావిడా, పెద్దాయనా సిగ్గుపడి ఊరుకుని ఉంటే? నాకైతే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మరి చట్టం ఏమంటుందీ అంటారా? ఇదివరకు ఐపీసీ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 204వ సెక్షన్ మన కథకి అసలు సెక్షన్. తను ప్రభుత్వ ఉద్యోగి కాదని తెలిసీ ఆ ఉద్యోగినని చెప్పుకుని, ఆ హోదా పేరుతో ఏ పనైనా చేసినా, చేయబోయినా నేరం. తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు జైలు, జరిమానా. పాత చట్టంలో రెండేళ్ళ దాకా అని ఉండేది తప్ప, కనీసం ఇంత అని లేదు. కొత్తదాంట్లో ఆ ఆరు నెలల కనీస శిక్ష పెట్టడం నాకు నచ్చింది.

ఇక 205వ సెక్షన్ దుస్తుల గురించి. పోలీసు యూనిఫాం కానీ, బ్యాడ్జీ లాంటి గుర్తు కానీ, జనం నిజమని నమ్మాలన్న ఉద్దేశంతో వేసుకున్నా, పట్టుకు తిరిగినా మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ "నమ్మాలన్న ఉద్దేశం" అన్న మాటే ముఖ్యం. అందుకే నాటకంలో ఇన్‌స్పెక్టర్ పాత్ర వేసినాయనకీ, సంక్రాంతికి ఇంటింటికీ వచ్చే పగటి వేషగాడికీ, స్కూలు వార్షికోత్సవంలో ఖాకీ నిక్కరు వేసుకున్న మన బుడ్డోడికీ ఏ కేసూ లేదు. వాళ్ళు నమ్మించడానికి వెయ్యలేదు, మనమూ నమ్మలేదు. కానీ అదే బట్టలు వేసుకుని రావులపాలెం దగ్గర హైవే మీద లారీ ఆపి చెయ్యి చాపితే, 205 తోపాటు 204 కూడా మీద పడుతుంది. ఐదు వేల జరిమానా మాత్రం నాకు చాలా తక్కువ అనిపిస్తుంది. ఖాకీ అంటే ఆ బట్ట ఖరీదు కాదు కదా, ఊరు దానిమీద పెట్టుకున్న నమ్మకం.

ఇవి కాక, వేరే మనిషిగా నటించి మోసం చేస్తే 319వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా, మోసం చేసి డబ్బు కాజేస్తే 318 కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఫోన్‌లో, కంప్యూటర్‌లో చేస్తే ఐటీ చట్టం 66డి కూడా కలుస్తుంది. సెక్షన్ నంబర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదమ్మా, ఫిర్యాదు రాసేటప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. "పోలీసునని చెప్పాడు" అన్న మాట మాత్రం వదలకుండా రాయండి. చాలామంది డబ్బు పోయిన సంగతి రాసి ఆ ఒక్క ముక్కా మర్చిపోతారు.

ఖాకీని చూసి మోసపోయామని కుమిలిపోయే అక్కచెల్లెళ్ళకి ఇంకో సంగతి. 2024 డిసెంబరు 20న ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ గారు పార్వతీపురం మన్యం జిల్లా గిరిజన గ్రామాలకి వెళ్ళారు. ఆ పర్యటనలో ఐపీఎస్ అధికారి యూనిఫాం వేసుకుని ఒకాయన దర్జాగా తిరిగాడు. బందోబస్తులో ఉన్న పోలీసులే ఆయనతో ఫొటోలు దిగారు. ఆ తర్వాత తెలిసింది ఆయన ఐపీఎస్సూ కాదు, ఏమీ కాదని. అరెస్ట్ చేశారు. పోలీసులకే తెలియనప్పుడు, గుమ్మంలో నిలబడ్డ ఖాకీని చూసి మన అత్తగారు తడబడితే ఆవిడదా తప్పు? 1987 మార్చిలో బొంబాయిలో ఇంకా పెద్ద నాటకం జరిగింది. ఒకడు పేపర్లో ఉద్యోగ ప్రకటన వేసి, 26 మంది కుర్రాళ్ళని ఎంపిక చేసి, వాళ్ళని సీబీఐ అధికారులని చెప్పి, ఆపెరా హౌస్ దగ్గరి త్రిభువన్‌దాస్ భీమ్‌జీ జవేరీ నగల కొట్టు మీద దాడి చేయించాడు. నగలు సూట్‌కేసులో సర్దుకుని మాయమైపోయాడు. ఆ కుర్రాళ్ళకి కూడా తాము నకిలీలమని తెలీదు పాపం.

సరే, ఫోన్ దొంగల సంగతి అలా ఉంచండి. మన వీధుల్లోకి వచ్చేవాళ్ళు వేరే. వీళ్ళ పద్ధతి ఏళ్ళ తరబడి ఒక్కటే, అయినా పనిచేస్తూనే ఉంది. పొద్దున్న పదీ పదకొండు మధ్య, మగవాళ్ళు లేని వేళ, గుడి నుంచో కూరల మార్కెట్ నుంచో ఒంటరిగా వస్తున్న పెద్దావిడ దగ్గర బైకు ఆగుతుంది. మామూలు బట్టలే, పొట్టిగా కత్తిరించిన జుట్టు, నల్ల బూట్లు. పర్సులోంచి ఏదో కార్డు ఇలా తెరిచి అలా మూసేస్తాడు. "అమ్మగారూ, మఫ్టీలో ఉన్నాం, పోలీసులం. ఇప్పుడే వెనక వీధిలో మెడ కోసి గొలుసు లాక్కెళ్ళారు, మీరు ఇంత బంగారం వేసుకుని తిరుగుతున్నారేంటండీ?" అంటాడు. ఇంతలో అటుగా ఇంకొకడు నడుచుకుంటూ వస్తాడు. వాణ్ణీ ఆపి కసిరి, వాడి మెళ్ళో గొలుసు తీయించి, కాగితంలో పొట్లం కట్టి చేతికిస్తాడు. అది చూసి మన పెద్దావిడకి నమ్మకం కుదురుతుంది. గాజులు, గొలుసు తీసిస్తుంది. వాడే పొట్లం కట్టి, వాడే ఆవిడ సంచిలో కూరల కింద పెట్టి, "ఇంటికెళ్ళేదాకా తియ్యకండి" అని మరీ చెప్తాడు. ఇంటికెళ్ళి విప్పితే గులకరాళ్ళు. ఆ రెండోవాడు కూడా వాళ్ళవాడే.

ఈ కథలో నేను మీకు చూపించాలనుకున్నది వాడి చేతులు. ఏ పోలీసూ మీ నగలు తీయించి తన చేత్తో పొట్లం కట్టడు. జాగ్రత్త చెప్పాలంటే "కొంగు కప్పుకోండమ్మా, తొందరగా ఇంటికెళ్ళండి" అని చెప్తాడు, అంతే. నగ మీద చెయ్యి వేసినవాడు ఎవడైనా సరే, గట్టిగా అరవండి. రాజమండ్రి మెయిన్ రోడ్డులోనైనా, పాలకొల్లు సందులోనైనా, అరిస్తే వచ్చే జనం మనకి ఇంకా ఉన్నారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బందోబస్తుకి ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పోలీసులు వస్తారు, ఘాట్ల నిండా మనకి తెలియని ఖాకీలే ఉంటాయి. వేషగాళ్ళకి అంతకంటే అదను ఏం కావాలి? అందుకే ఇప్పుడే చెప్తున్నాను.

ఇక ఆడపిల్లల విషయం. ఇది చెప్పడానికి కాస్త మనసు గట్టి చేసుకోవాలి. గోదావరి గట్టు మీదో, బీచ్‌లోనో, లంకల వైపో స్నేహితుడితో కూర్చున్న పిల్లల దగ్గరికి ఇద్దరు వస్తారు. పోలీసులమంటారు. "మీ నాన్న నంబరివ్వు, ఫోన్ చేస్తాం" అంటారు. ఆ ఒక్క మాటకి పిల్ల ప్రాణం గుప్పిట్లోకి వచ్చేస్తుంది. డబ్బులిస్తుంది, చెవి కమ్మలిస్తుంది. కుర్రాణ్ణి తరిమేసి "స్టేషన్‌కి రా" అంటూ బండెక్కించుకున్న దారుణాలు మన దేశంలో ఎన్నో జరిగాయి. తల్లులూ, నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇవాళ సాయంత్రం మీ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పండి, "నువ్వు ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా, నాన్నకి ఫోన్ చేస్తామని ఎవడైనా బెదిరిస్తే చేసుకోమను. మేమే వస్తాం. ఆ తర్వాత ఇంట్లో ఏం మాట్లాడుకోవాలో మనం మాట్లాడుకుందాం. వాళ్ళ బండి మాత్రం ఎక్కకు" అని. ఈ మాట ఇంట్లో ముందుగా చెప్పి ఉంచితే, వాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం పోతుంది. అత్యవసర నంబరు 112 నొక్కడం, ఆడవాళ్ళ భద్రతకి ఉన్న శక్తి యాప్ ఫోన్‌లో పెట్టుకోవడం ఆ తర్వాతి సంగతులు.

అసలు పోలీసు అయితే ఏం చెయ్యాలో కూడా చట్టంలో రాసి ఉంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలు ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోనే ఉన్నాయి. అరెస్ట్ చేయడానికి వచ్చిన అధికారి పేరు స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలి. అరెస్ట్ మెమో రాయాలి, దానిమీద ఇంట్లోవాళ్ళో ఆ వీధి పెద్దమనిషో ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు ఆడవాళ్ళని అరెస్ట్ చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా కోరి మేజిస్ట్రేట్ అనుమతి ముందే తెచ్చుకోవాలి. సాక్షిగా ఏదైనా అడగాలన్నా ఆడవాళ్ళనీ, అరవై దాటిన మగవాళ్ళనీ స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్ళే ఇంటికొచ్చి అడగాలి. విచారణకి రమ్మని వాట్సాప్‌లో పంపే నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

కాబట్టి గుమ్మంలో ఎవరైనా నిలబడి పోలీసులమంటే, లోపలి గడియ తియ్యకుండానే అడగండి. "మీరు ఏ స్టేషనండీ? మీ పేరేంటండీ? మీ కార్డు కిటికీలోంచి చూపిస్తారా? ఒక్క నిమిషం ఆగండి, స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటాను." ఇలా అడగడం మర్యాద తప్పడం కాదమ్మా. మన గోదావరి వాళ్ళం "అండీ" లేకుండా ఎలాగూ మాట్లాడం, ఆ అండీతోనే అడగండి. నిజమైన ఆఫీసరు అయితే రెండు నిమిషాలు నిలబడతాడు. అసలువాడు కూడా మనల్ని కసురుతాడేమో అని మీ భయం, నాకు తెలుసు. కసిరితే కసరనివ్వండి. ఆ కసురుకి భయపడి మనం అడగటం మానేసినన్నాళ్ళూ నకిలీవాడి పని సులువే. ఈ మాట పోలీసు శాఖకి కూడా చెప్తున్నాను. కార్డు అడిగిన ఆడమనిషికి నవ్వుతూ చూపించే కానిస్టేబుల్ ఒక్కరు ఉంటే, ఆ వీధిలో పది నకిలీ వేషాలు ఆగిపోతాయి.

కాంబోడియా అన్నాను కదా, ఆ ముక్క చెప్పకుండా ముగిస్తే నాకు నిద్ర పట్టదు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి, లక్షన్నర దాకా తీసుకుని, మన కుర్రాళ్ళని ఏజెంట్లు కాంబోడియాలో చైనా ముఠాలకి అప్పగించారు. చీకటి గదుల్లో పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేయమన్నారు. చెప్పిన పని చేయకపోతే తిండి పెట్టలేదు, కొట్టారు. ఆ మే 20న సిహనూక్‌విల్‌లో సుమారు మూడు వందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. తర్వాత కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు. గల్ఫ్ ఏజెంట్లకి పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టిన కుటుంబాలు మన కోనసీమలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తెలుగులో మనల్ని బెదిరించే ఆ గొంతు, ఏ తల్లి కన్న బిడ్డదో. వాడు చేసేది నేరమే, మన డబ్బు పోయేదీ నిజమే. కానీ "విదేశంలో ఉద్యోగం, నెలకి అరవై వేలు, పాస్‌పోర్టు ఉంటే చాలు" అన్న ఏజెంటుని కూడా పోలీసు వేషగాణ్ణి అడిగినట్టే అడగాలి. కంపెనీ పేరేంటి, లైసెన్సు ఉందా, ఏ వీసా మీద పంపిస్తున్నావు అని. పర్యాటక వీసా మీద ఉద్యోగానికి పంపిస్తానన్నాడంటే ఇంక వినాల్సిన పని లేదు.

ఒకవేళ ఇప్పటికే డబ్బు పంపేశారనుకోండి. ఏడవడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకేలోపు బ్యాంకు చేత ఆపించగలిగేది ఆ నంబరే. మీ ఖాతా నంబరు, పంపిన సమయం, బ్యాంకు మెసేజ్‌లో ఉండే లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. వాడి మెసేజ్‌లు, ఫొటోలు కోపంతో చెరిపెయ్యకండి, అవే సాక్ష్యం. తర్వాత దగ్గర్లో ఏ స్టేషన్‌కైనా వెళ్ళండి. "మా పరిధి కాదు" అని పంపెయ్యడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఒంటరిగా వెళ్ళడం బెరుకైతే పక్కింటి వదినని తీసుకెళ్ళండి, డ్వాక్రా గ్రూపులో నలుగురూ కలిసి వెళ్ళండి. మీ గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే, ఆ అమ్మాయినైనా వెంటపెట్టుకోండి.

ఇవాళ మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడు మీ స్టేషన్ నంబరు కనుక్కుని, గ్యాస్ బుక్ పక్కన రాసి పెట్టుకోండి. 1930, 112 కూడా. అత్తగారి ఫోన్‌లో మీరే ఎక్కించి, ఎలా నొక్కాలో ఒకసారి ఆవిడ చేతే నొక్కించి చూడండి. ఇలాంటి ఫోన్ ఇదివరకే వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక లోపలే దాచుకున్నవాళ్ళు మీలో ఉంటే నాకు రాయండమ్మా. పేరు వెయ్యను, ఊరు వెయ్యను.